నాలుగు గాట్ల చీల

ముప్పై ఏళ్లకు పైగా నేను మోసిన బరువు పావుకిలో కూడా ఉండదు. బెత్తెడు కంటే కొంచెం పొడుగున్న ఇనుప చీల. చిటికెన వేలంత లావు. ఒక కొస వంచి ఉంటుంది. ఆ వంపు కింద ఉలితో కొట్టిన నాలుగు గాట్లు ఉంటాయి. ఇన్నేళ్లూ అది నా కుంచెల డబ్బా అడుగున పడి ఉండేది. ఇల్లు మూడుసార్లు మారాను. మారినప్పుడల్లా అన్నిటికంటే ముందు ఆ డబ్బానే నా చేత్తో తీసుకుపోయాను. ఎండిపోయిన కుంచెల మీద ఉన్న ప్రేమ నా మీద లేదే అని నా భార్య నవ్వేది. ప్రేమ కాదు. భయం. ఇంకొకరి చేతికి దొరుకుతుందేమోనని.

మీరెవరో నాకు తెలీదు. అదే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది. నా పేరు ఇక్కడ రాయను. కావాలంటే మదనపల్లె పార్కులో పెట్టిన పాత సినిమా ఇంజన్ పక్కన నల్లరాతి పలక మీద ఉంది, చదువుకోండి. అక్కడ ఉండాల్సిన పేరు అది కాదు. నేను చెప్పబోయేది దాని గురించే.

నేను బోర్డులు రాసే పెయింటర్‌ని. ఫ్లెక్సులు రాకముందు మదనపల్లెలో ఏ టైలరు షాపు చూసినా, ఏ లారీ వెనక తలుపు చూసినా నా చెయ్యే కనిపించేది. గొప్పలు చెప్పుకుంటున్నాడనుకుంటారేమో. అనుకోండి. ఆ గుణమే నన్ను ముంచింది.

ఆ రోజుల్లో ఒక సినిమా కంపెనీ కుప్పం పక్కన మెట్టభూముల్లో షూటింగు పెట్టుకుంది. వాళ్ల కథకు తెల్లదొరల కాలం నాటి పొగబండి కావాలి. కుప్పం మీదుగా రోజూ ఎన్ని రైళ్లు పోతే ఏం లాభం? అన్నీ కొత్త ఇంజన్లే. అందుకని కట్టెతో, రేకుతో ఒకటి చేయించుకుందామనుకున్నారు. పుంగనూరులో ఒక ఆచారికి ఆ పని అప్పజెప్పారు. ఆయన పేరూ రాయను. ఆచారి మామ అంటాను. నేను పిలిచింది అలాగే. ఆయన నన్ను పేరు పెట్టి ఏనాడూ పిలవలేదు. రంగులోడా అనేవాడు. అందులో కొంచెం ఎగతాళి, చాలా అభిమానం.

ఆచారి మామ ఎద్దులబండ్లు చేసేవాడు. పెద్దపంజాణి వైపు పల్లెల్లో ఆయన చేసిన బండి ఉన్న ఇంటికి ఒక మర్యాద. ఊరి దేవుడి తేరు కదిలే ముందు వంగి చక్రాలన్నీ చూసి ‘ఊ’ అనవలసింది కూడా ఆయనే. ఆ ఊ వినపడందే ఎవరూ మోకు మీద చెయ్యి వేసేవాళ్లు కాదు.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉండేది. బండికి అన్నీ అయ్యాక చివరన, చక్రం ఊడిరాకుండా ఇరుసు కొసన ఇనుప చీల దిగ్గొడతారు. కడచీల అంటారు దాన్ని. ఆ ఒక్క పని ఆయన ఎవరికీ ఇచ్చేవాడు కాదు. టెంకాయ కొట్టి, చీలకు కుంకుమ పెట్టి, బెజ్జంలోకి దించి, సుత్తితో మూడు దెబ్బలు. రెండూ కాదు, నాలుగూ కాదు. మూడే. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కందెన వెయ్యడానికి చక్రం ఊడదియ్యాలన్నా మళ్లీ ఆయన దగ్గరికే రావాలి. బెజ్జాలు చేత్తో వేసినవి కాబట్టి ఒకదాని చీల ఇంకోదానికి సరిగ్గా పట్టదు. అందుకని గుర్తుకు మొదటిదానికి ఒక గాటు, రెండోదానికి రెండు, అలా నాలుగోదానికి నాలుగు.

ఇంజన్‌కు బరువు మోసే చక్రాలు నాలుగు. తుమ్మకట్టెతో ఎద్దులబండి చక్రాల్లాగే చేశాడు, ఇంకా పెద్దవి. బాయిలరంటే వెదురు కట్టు మీద చుట్టిన రేకు. పొగగొట్టం తారు డ్రమ్ము. ముందరి లైటు ఒక హోటల్ వాళ్లిచ్చిన సత్తు గిన్నె. ఇక రంగు, బోల్టులు, నంబరు, తుప్పు మరకలు, మసి – అవన్నీ నావి. పుట్టీతో రెండు వందల బోల్టు తలలు చేసి అతికించాను. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే నిజం ఇంజనే. దగ్గరికొచ్చిన వాళ్లు చేత్తో తట్టి చూసి నవ్వేవాళ్లు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. నా అంత పనిమంతుడు రాయలసీమలోనే లేడని నా నమ్మకం.

పుంగనూరు నుంచి విడిభాగాలుగా లారీలో కుప్పం చేర్చి, షూటింగు జరిగే పొలంలోనే బిగించారు. ఆ పొద్దున ఆచారి మామ చీలలు దిగ్గొట్టాడు. నేను బాయిలరు పక్కన కూర్చుని నంబరుకు పసుపు రంగు దిద్దుతున్నాను. ఆయన వైపు చూడలేదు. కానీ విన్నాను. మూడు దెబ్బలు, నిశ్శబ్దం. మూడు దెబ్బలు, నిశ్శబ్దం. మొత్తం పన్నెండు. ఎందుకు లెక్కపెట్టానో తెలీదు. కుంచె ఆ దెబ్బలకు లయగా కదిలింది, అంతే. పన్నెండు. ఈ అంకెను నేను ఎన్నిసార్లు మర్చిపోవాలనుకున్నానో దేవుడికే తెలుసు.

తర్వాత నేను ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగి చూసుకున్నాను. అన్నీ కుదిరాయి. ఒక్కటే కంట్లో నలుసులా ఉంది. చక్రం నడుమ ఇరుసు కొస, అందులో దిగ్గొట్టిన చీల, దాని మీద కుంకుమ బొట్టు. రైలింజన్‌కు ఎద్దులబండి చీలేమిటి? అది కనబడితే నేను పడ్డ కష్టమంతా గంగలో కలిసినట్టే అనిపించింది. కెమెరా చూసేది ఎడమ వైపే కాబట్టి ఆ వైపు రెండు చక్రాలకు రేకు మూతలు కత్తిరించాను. ఎర్ర రంగేసి అంచుకు ఇత్తడి రంగు దిద్దాను. ముందు చక్రానికి సరిపోయింది. వెనక చక్రానికి చీల వంపు అడ్డం వచ్చి మూత కూర్చోలేదు.

చీల లాగేశాను.

చూడండి, రాయడానికి రెండే మాటలు. నిలబడి ఉన్న బండికి చీలతో పనేముంది, దగ్గరి షాటు అయ్యాక మూత తీసి పెట్టేద్దాం అనుకున్నాను. ఆచారి మామను అడగాలని తోచలేదా? తోచింది. అడిగితే వద్దంటాడనీ తెలుసు. అందుకే అడగలేదు. చీలను ప్యాంటు జేబులో వేసుకుని, మూతను రెండు మేకులతో బిగించాను.

షాటు తీశారు. ఆ కంపెనీ సెట్టింగుల పెద్ద చక్రం దగ్గరికొచ్చి మూతను వేలితో తట్టి, ఇది చేసిందెవరని అడిగాడు. నేనన్నాను. మా వెంట వచ్చేస్తావా, మాతోనే పని చేద్దువు గానీ అన్నాడు. ఇక నా కాళ్లు నేల మీద నిలవలేదు. భోజనాలకు పిలిచారు. చిత్రాన్నం తింటూ నేను మదనపల్లె వదిలి ఎక్కడికో పోయినట్టు, పెద్ద పెద్ద కోటలకు రంగులేస్తున్నట్టు ఊహించుకుంటూ కూర్చున్నాను. జేబులో ఏముందో గుర్తు రాలేదు. ఎలా గుర్తు రాలేదు? కూర్చున్నప్పుడు గుచ్చుకోలేదా? ఇన్నేళ్లుగా ఈ ప్రశ్న నన్ను నేనే అడుగుతున్నాను. గుచ్చుకునే ఉంటుంది. పొగడ్త ముందు అది ఏపాటి?

మధ్యాహ్నం ఇంజన్ కదిలే షాటు. కెమెరాకు కనపడని వైపు నుంచి పదిమంది తొయ్యాలి. బాయిలరు లోపల మునెప్ప అనే కుప్పం మనిషి కూర్చుని తడి గడ్డి కాల్చి పొగ పుట్టించాలి. నేల కొంచెం వాలుగా ఉంది. తోశారు. ఇంజన్ కదిలింది. పొగ లేచింది. అందరూ ఈలలు వేశారు. నేనూ వేశాను. ఇరవై అడుగులు పోయిందో లేదో వెనక ఎడమ చక్రం మూతతో సహా పక్కకు దొర్లి పడిపోయింది. ఇంజన్ ఆ వైపుకు ఒరిగింది. లోపల మునెప్ప మోకాలు అడుగు దూలానికీ ఇరుసుకూ మధ్య ఇరుక్కుంది. ఆయన అరిచిన అరుపు నేను రాయలేను.

అప్పుడు నా చెయ్యి జేబులోకి పోయింది.

మునెప్పను జీపులో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయారు. కంపెనీ మేనేజరు ఆచారి మామ మీద నోటికొచ్చినట్టు అరిచాడు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, ఇంజన్ బయలుదేరిన చోటు నుంచి ఒరిగిన చోటు దాకా నేలంతా అరచేతులతో తడుముతున్నాడు. మూత కింది సందులోంచి చీల జారిపడి ఉంటే ఆ ఇరవై అడుగుల్లోనే ఉండాలి కదా. దొరికితే ఆయన కొట్టినట్టు, దొరక్కపోతే కొట్టనట్టు. ఆయనకు కావాల్సిన సాక్ష్యం అదొక్కటే. తోసినవాళ్లు కూడా వంగి వెతికారు. నేనూ వంగాను. నేనూ మట్టిని కాలితో కెలికాను. వంగినప్పుడల్లా జేబులో చీల తొడకు గుచ్చుకుంటూ ఉంది. ఇప్పుడు మాత్రం బాగానే గుచ్చుకుంది.

చీల దొరకలేదు. ఆయన లేచి నా దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించి అడిగాడు.

“రంగులోడా, పొద్దున నువ్వు ఈడనే ఉంటివి గదా. నాలుగు సీలలూ కొడితినా నేను?”

“నేను సూడలేదు మామా.”

“సప్పుడన్నా ఇనపడ్లేదా?”

“లేదు మామా. రంగు కలుపుకుంటాంటిని.”

ఆయన నా మొహంలోకే చూశాడు. అనుమానంతో కాదు. నా నోట ఔననే మాట వస్తుందేమో అన్న ఆశతో. తర్వాత అరచేతుల మట్టిని పంచెకు తుడుచుకుని మేనేజరు దగ్గరికి పోయాడు. “తప్పు నాదేనప్పా. మూడు సీలలే కొట్టినట్టుండాను” అన్నాడు.

చీల తీయడం పొరపాటు. దాన్ని ఒప్పుకునే వీలు నాకు అరగంట సేపు ఉంది. నేను చేసిన తప్పు మాత్రం ఆ రెండు మాటలే: సూడలేదు, లేదు. ఒకటి నిజం. రెండోది అబద్ధం. నిజాన్ని ముందు పెట్టుకుని దాని వెనక అబద్ధాన్ని నడిపించాను. ఎందుకు? పోలీసుల భయమా? కొంత. కంపెనీవాళ్లు నన్ను వెంట తీసుకుపోరేమో అన్న భయం అంతకంటే ఎక్కువ. సిగ్గు విడిచి చెబుతున్నాను, మునెప్ప అరుపు చెవిలో మోగుతుండగానే నేను నా సినిమా పని గురించి ఆలోచించాను. వాళ్లు నన్ను తీసుకుపోలేదు. ఉత్తరం రాస్తామన్నారు. ఆ ఉత్తరం ఇంకా రావాలి.

మునెప్ప బతికాడు. కాలు వంగేది కాదు. కుప్పం బస్టాండు పక్కన టీ బంకు పెట్టుకున్నాడు. ఆ తర్వాత నేను ఎప్పుడైనా అటు పోతే అక్కడే టీ తాగేవాణ్ణి. చెబుదామనే పోయేవాణ్ణి, టీ తాగి వచ్చేవాణ్ణి. “ఆచారి మీద నాకేం కోపం లేదప్పా, మనిషన్నాక మర్సిపోడా” అనేవాడు ఆయన నవ్వుతూ. ఆ మాట విన్నాక ఇంకో టీ కూడా తాగలేక లేచిపోయేవాణ్ణి. ఆయన పోయి కొన్నేళ్లయింది. ఆ దారి మూసుకుపోయింది.

ఆచారి మామ ఆ తర్వాత చక్రం చెయ్యలేదు. తలుపులు, కిటికీలు, మంచాలు – అవే. తేరు దగ్గరికి పిలవడానికి ఊరి పెద్దలు వస్తే, నా చేతిని నేను నమ్మలేను, మీరెట్లా నమ్ముతారని తిప్పి పంపేశాడట. ఎవరూ ఆయన్ను వద్దనలేదు. తనే తప్పుకున్నాడు. తేరు రోజున దూరంగా ఒక అరుగు మీద కూర్చుని చూసేవాడని విన్నాను. ఎలాగూ బండ్లకు టైర్లు వచ్చేశాయి, ట్రాక్టర్లు వచ్చేశాయి, చక్రాల పని ఎప్పటికైనా పోయేదే కదా అని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి. నా బోర్డుల పనీ పోయింది కదా. పోయింది. కానీ ఫ్లెక్సు వచ్చి నా పని పోయింది. నా చెయ్యి పాడైందని నేను అనుకోలేదు. ఆ తేడా నాకు తెలుసు.

ఇక ఇప్పటి సంగతి. ఊళ్లో పాత వస్తువులను కాపాడాలని మదనపల్లెలో రిటైరైన కొందరు ఒక కమిటీ పెట్టుకున్నారు. వాళ్లకు పెద్ద ఒక లెక్చరరు సారు. పుంగనూరులో మూతబడిన వేరుశెనగ మిల్లు షెడ్డులో మా ఇంజన్ పడి ఉందని ఆయనకు ఎవరో చెప్పారు. షూటింగు అయ్యాక దాన్ని లారీలో తెచ్చి అక్కడ పడేసి పోయారు. దాన్ని బాగుచేసి మదనపల్లె పార్కులో పెడదామని సారు సంకల్పం. పిల్లలు చూస్తారు, ఫోటోలు దిగుతారు. అప్పట్లో రంగేసింది నేనేనని తెలిసి నేరుగా నా షాపుకొచ్చాడు. వద్దని చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. ఉన్న కారణం చెప్పుకునేది కాదు.

షెడ్డులో దాన్ని చూసిన రోజు నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వెదురు కట్టును చెదలు తినేశాయి. సత్తు గిన్నె సొట్టపోయి ఉంది. నా రెండు వందల బోల్టుల్లో ఓ ముప్పై మిగిలాయి. చక్రాలు మాత్రం చెక్కుచెదరలేదు. తట్టితే ఖణేలుమన్నాయి. వెనక ఎడమ చక్రాన్ని ఎవరో మళ్లీ ఇరుసుకు తగిలించి, తాడుతో కట్టారు. సొట్టపడిన నా ఎర్ర మూత ఇంకా దాన్నే అంటుకుని ఉంది. మేకులు ఊడబెరికి మూత తీశాను. ఇరుసు కొసన ఖాళీ బెజ్జం. అందులో సాలీడు గూడు పెట్టుకుంది.

ఐదు నెలలు పని చేశాను. తుప్పు గీకడం, కొత్త రేకు వెయ్యడం, రెడాక్సైడు పూత, దాని మీద నలుపు. గీకుతున్నప్పుడు కింద నా పాత అక్షరాలు బయటపడ్డాయి. అప్పటి చెయ్యి ఇప్పటి కంటే బాగుంది. చీల ఒకటి లేదని సారు గమనించి లేత్‌లో చేయిద్దామన్నాడు. నేను చూసుకుంటాను సార్ అన్నాను. మర్నాడు డబ్బాలోంచి తీసి తెచ్చి బెజ్జంలో పెట్టాను. నూనె కూడా అక్కర్లేకుండా తన చోట తాను కూర్చుంది. సుత్తి చేతిలోనే ఉంది. కొట్టలేదు. ఆ మూడు దెబ్బలు కొట్టడానికి నేనెవర్ని? అలాగే వదులుగా వదిలేశాను. ఈసారి మూతలు కూడా పెట్టలేదు. ఇంజన్‌కు ఎద్దులబండి చీల కనిపిస్తే బాగుండదేమో అన్నాడు సారు. కనిపించనీ సార్ అన్నాను.

పలక మీద చేసినవాళ్ల పేర్లు చెక్కించాలని సారు ఆశ. దానికోసం ఇద్దరం పుంగనూరు పోయాం. ఆచారి మామకు ఎనభై దాటాయి. కూతురి దగ్గర ఉంటున్నాడు. ఇంటి పక్కన పనికొట్టం ఇంకా ఉంది. ఆయన దాని తలుపుకు గడియ పెట్టి పది అడుగులు నడిచి, తిరిగిపోయి గడియ తడిమి, మళ్లీ బయలుదేరి, మళ్లీ పోయి తడిమాడు. “మా నాయనకు ఇదొక సాదస్తమన్నా. మూడుసార్లన్నా సూడకుంటే కాలు కదల్దు” అంది కూతురు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. ఆ చాదస్తం ఏ రోజు పుట్టిందో నాకొక్కడికే తెలుసు.

పేరు సంగతి చెప్పగానే ఆయన తల అడ్డంగా ఊపాడు. “సీల మరిసినోని పేరు రాతి మీద యాల సార్? మా రంగులోని పేరు ఏసుకోండి” అన్నాడు. సారు ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. నేను పక్కనే ఉన్నాను.

ప్రారంభానికి నాలుగు రోజుల ముందు కూతురు ఆయన్ను పార్కుకు తీసుకొచ్చింది. ఆయనకు చూపు మందగించింది. చేత్తోనే చూశాడు. చక్రాలు, వాటి నడుమ ఆకుకర్రలు, ఇరుసు. చీలల దగ్గరికొచ్చి ఒక్కోదాన్నీ బొటనవేలితో తడిమాడు. ఒక గాటు, రెండు, మూడు. వెనక ఎడమ చక్రం దగ్గర ఆగిపోయాడు. వేలు ఆ నాలుగు గాట్ల మీదే అటూ ఇటూ కదులుతోంది.

“ఇది యాడ దొరికె రా?”

అప్పుడైనా చెప్పొచ్చు కదా. ఆ దేవుడే తెచ్చి చేతిలో పెట్టినట్టు అడిగాడు. నేనేమన్నానో వినండి. “షెడ్డులో ఇంజన్ పాత సామాన్ల పెట్టెలో ఉండె మామా” అన్నాను.

“ఓహో. అయితే పెట్టెలోనే ఇడిసిపెట్టినాను” అన్నాడు. బాధగా కూడా అనలేదు. లెక్క తేలిందన్నట్టు అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఆయనలో రవ్వంత సందేహమైనా మిగిలి ఉంటుంది – కొట్టానేమో, చీల ఎక్కడికో ఎగిరిపోయిందేమో అని. ఆ రవ్వను కూడా నేను నా చేతులతోనే ఆర్పేశాను. మొదటి అబద్ధం కుర్రతనంలో చెప్పాను అనుకుందాం. అరవై దగ్గర పడుతున్న మనిషి చెప్పిన ఈ రెండో అబద్ధానికి ఏ పేరు పెట్టాలి?

ప్రారంభం బాగా జరిగింది. నాకు శాలువా కప్పారు. పలక మీద నా పేరు తళతళా మెరిసింది. ఆ శాలువా ఆ తర్వాత మళ్లీ విప్పలేదు, సంచిలోనే ఉంది.

వారం తర్వాత పొద్దున్నే బస్సెక్కి పుంగనూరు పోయాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. చీల ఎందుకు లాగాను, ఎందుకు భయపడ్డాను, నా వయసెంత. అక్కడికి పోయి ఆయన ఎదురుగా కూర్చున్నాక అవన్నీ అడ్డుగోడల్లా కనిపించాయి. నాలుగే ముక్కలు చెప్పాను. నువ్వు నాలుగూ కొట్టినావు మామా. పన్నెండు దెబ్బలూ నేను విన్నాను. చీల తీసింది నేను. మీరంతా వెతుకుతాంటే అది నా జేబులో ఉన్నింది.

ఆయన కుడిచేతిని మోకాలి మీద వెల్లకిలా పెట్టుకున్నాడు. వేళ్లు ముడిచాడు, చాచాడు, మళ్లీ ముడిచాడు. కొత్తగా ఎవరిదో చెయ్యి ఇచ్చినట్టు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తిట్టమని మనసులో ప్రాధేయపడ్డాను. తిట్టలేదు. తర్వాత తల ఎత్తకుండానే కూతుర్ని కేకేశాడు.

“అమ్మా, ఈయప్పకు టీ ఇచ్చి పంపించు.”

లేచి లోపలికి పోయాడు. ఈయప్ప. దారిన పోతూ దాహానికి ఆగినవాణ్ణి అనే మాట. కూతురికి ఏం జరిగిందో తెలీదు. టీ తెచ్చి, చక్కెర సాలునా అన్నా అని అడిగింది. చాలమ్మా అన్నాను. గ్లాసు కడిగి పెట్టి వచ్చేశాను.

కమిటీ సారుకు కూడా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఎప్పటి సంగతో ఇప్పుడెందుకు, పలక చెక్కించడం కూడా అయిపోయింది కదా అన్నాడు. మార్పించండి సార్, ఖర్చు నాది అన్నాను. కమిటీలో మాట్లాడతానన్నాడు. మాట్లాడితే కారణం చెప్పాలి. చెప్పడం ఆయనకు ఇష్టం లేదు, ఇంజన్‌కు మచ్చ వస్తుందని. పలక అలాగే ఉంది. అందుకే ఇది మీకు రాస్తున్నాను. రాతి మీద చెరపలేనిది కాగితం మీదైనా సరిచేద్దామని. ఇది రాస్తే నా తప్పు తగ్గుతుందా? తగ్గదు. మునెప్ప కాలు వంగుతుందా? ఆచారి మామ నడిపించని అన్ని తేర్లు వెనక్కి వస్తాయా? రావు. కానీ ఇప్పుడు అన్నం దిగుతోంది. అంతే.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. పొద్దున్నే పార్కుకు పోయి ఆ చీలను వేలితో కదిపి చూడటం నాకు అలవాటైంది. వదులుగా ఆడేది. మొన్న కదపబోతే కదల్లేదు. గట్టిగా లాగినా కదల్లేదు. దాని తల మీద తాజా కుంకుమ బొట్టు. కింద టెంకాయ పీచు. పార్కు వాచ్‌మన్‌ను అడిగాను. నిన్న ఎవరో ముసలాయన పుంగనూరు బస్సులో వచ్చాడన్నా, సంచిలోంచి సుత్తి తీసి ఆ చక్రం దగ్గర టకటకా కొట్టి పోయాడు, ఆపుదామనుకునే లోపలే అయిపోయింది అన్నాడు. ఎన్ని దెబ్బలని అడిగాను. ఎవరు లెక్కపెడతారన్నా అన్నాడు.

నా షాపు ఆ పార్కుకు రెండు వీధుల అవతలే. ఆయనకు తెలుసు. రాలేదు. రావాల్సిన పనీ లేదు.

ఆ దెబ్బలు ఈసారి నేను వినలేదు. అయినా ఎవరడిగినా చెబుతాను. నాలుగూ కొట్టాడు. అప్పుడూ నాలుగూ కొట్టాడు.